గదిలో ఎవరుండాలి

మా శిక్షణలో మొట్టమొదట నేర్పిన ప్రశ్న ఇది: “మాట్లాడేటప్పుడు గదిలో మీతో ఎవరుండాలి?” వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బుల గురించి ఏ దంపతులకైనా చెప్పే ముందు, గర్భిణిని పక్కకు తీసుకెళ్లి ఈ మాట అడగాలి. న్యూజెర్సీలో నేను నర్సుగా చేసే క్లినిక్‌లోనే ఆర్నెల్లు ఆ శిక్షణ. తోటి నర్సులు ఉత్తుత్తి పేషెంట్లుగా కూర్చున్నప్పుడల్లా గడగడా అప్పజెప్పేదాన్ని. ఇంగ్లిష్‌లో అదెంత సులువో!

చివరి పరీక్ష మాత్రం అసలు మనుషులతో. మా టీచర్ అమెరికన్, తెలుగు ఒక్క ముక్క రాదు. నోట్‌బుక్ పట్టుకుని మూల కుర్చీలో కూర్చుంది. ఆమె సంతకం పెడితేనే ఇక మీదట ఈ పని నేను ఒక్కదాన్నే చేయగలను. వచ్చింది తెలుగువాళ్లు: పదో వారం గర్భంతో ఉన్న అమ్మాయి, ఆమె భర్త, పురుటికి సాయమని ముందే గుంటూరు నుంచి దిగిపోయిన అత్తగారు. ముగ్గురూ కలిసే లోపలికొచ్చారు. అందరికంటే ముందు అత్తగారే కూర్చుని, కొంగు సర్దుకుని, మనది ఏ ఊరమ్మా అని అడిగింది. విజయవాడ అన్నాను. అంతే, ఇక ఆవిడను బయట కూర్చోమనడానికి నోరు పెగల్లేదు. పెద్దంతరం చిన్నంతరం లేదా అనుకుంటుందని భయం. అమ్మాయిని విడిగా అడగాల్సిన ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది.

అమ్మాయి రక్తపరీక్షలో తలసీమియా అనే రక్తపు జబ్బుకు క్యారియర్ అని వచ్చింది. ఆ లక్షణాన్ని పిల్లలకు అందించవచ్చే తప్ప, క్యారియర్‌కి పెద్దగా ఇబ్బందేమీ ఉండదు. కానీ భర్త కూడా క్యారియర్ అయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు అసలు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డ జీవితాంతం రక్తం ఎక్కించుకుంటూ బతకాల్సి రావచ్చు. అందుకే భర్త రక్తం వెంటనే చూడాలి. ఇదంతా అత్తగారి ముందే చెప్పేశాను.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. “పెళ్లికి ముందు మీవాళ్లు ఈ సంగతి చెప్పలేదేం?”

అమ్మాయి తల దించుకుంది. ఆ భర్త మహానుభావుడేమో, రోజూ జిమ్‌కి వెళ్తానండీ, నాకేం ఉంటుంది, ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, నెక్స్ట్ మంత్ చూద్దాం అన్నాడు. నెల ఆగితే బిడ్డ సంగతి తొందరగా తెలుసుకునే పరీక్షకు గడువు దాటిపోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది, అతని మీద కంటే నా మీదే ఎక్కువ. పెద్దావిడ మర్యాద చూడబోతే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఇంకేం చేయాలో తోచక వంశవృక్షం గీసే కాగితం తీశాను. మా వైపు అందరూ రాళ్లు తిన్నా అరిగించుకునే రకం అంది అత్తగారు. మీ ఆరోగ్యం ఎలా ఉంటుందమ్మా అన్నాను.

“నాకేం? చిన్నప్పట్నుంచీ రక్తం తక్కువ, అంతే. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా పెరిగి చావదు.”

నా పెన్ను ఆగిపోయింది. ఐరన్‌కి లొంగని రక్తహీనత ఉందంటే క్యారియరేమో చూడమని మాకు మొదటి వారమే చెప్పారు. ఇన్నేళ్లూ ఎవరూ ఆవిడకు ఆ పరీక్ష రాయలేదు. కొందరిలో కారణం ఇదే కావచ్చనీ, అది కన్నబిడ్డకూ రావచ్చనీ, పరీక్ష చేస్తే గానీ తేలదనీ నెమ్మదిగా చెప్పాను. కొడుకు తల్లి ముఖం చూశాడు. తర్వాత చొక్కా చెయ్యి మడుచుకుంటూ లేచి, ల్యాబ్ ఎటువైపని అడిగాడు.

వాళ్లిద్దరూ ముందు నడిచారు. అమ్మాయి తలుపు దగ్గర ఆగింది.

“నన్నొక్క మాట అడగాల్సింది కదండీ. పురుడయ్యేదాకా నేను ఆవిడతో ఒకే ఇంట్లో ఉండాలి.”

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమ్మా అనేలోపే వెళ్లిపోయింది.

జరిగిందంతా టీచర్‌కి నేనే అనువదించి చెప్పాలి. భర్త పరీక్షకు ఒప్పుకున్నాడు, అంతా బాగానే జరిగింది అని దాటేయొచ్చు. ఆ బుద్ధి పుట్టలేదంటే అబద్ధం. కానీ అమ్మాయి తల దించుకోవడం ఆమె చూసింది, దానికి తెలుగు రానక్కర్లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె సంతకం పెట్టలేదు. ఫలితం వచ్చాక నువ్వే ఫోన్ చెయ్యి, నేను పక్కనే ఉంటాను అంది.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. అతనూ క్యారియరే.

అతని నంబర్‌కి చేస్తే అత్తగారు ఎత్తింది. వాడు పక్క గదిలో మీటింగ్‌లో ఉన్నాడు, ఏం వచ్చిందో నాకు చెప్పమ్మా, నేను చెప్తాలే అంది. టీచర్ నన్నే చూస్తోంది.

“కుదరదమ్మా. ఫలితం ఏదైనా సరే, ముందు ఆయనకే చెప్పాలి. ఫోన్ ఆయనకివ్వండి.”

ఆవిడ ఫోన్ వదల్లేదు.

“నా నుంచే వచ్చిందా?” అంది.

అవుననలేదు, కాదనలేదు. ఫోన్ ఆయనకివ్వండమ్మా అని మళ్లీ అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది.

“ఇస్తానమ్మా. కోడల్ని కూడా పిలుస్తానుండు, ఇద్దరూ కలిసి వింటారు,” అంది ఆవిడ. “నేను బయట కూర్చుంటాలే.”