‘వైఫ్’ అన్న మాటకి మేనేజరుగారి అర్థం

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఉన్నప్పుడు నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయకూడదు, చదువుకోవచ్చు. అందుకని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు భాషా చరిత్ర క్లాసులో చేరాను. మా ఆయన మేనేజరు కూడా తెలుగువాడే. సంగతి విని, "టైమ్‌పాస్‌కి బాగుంటుందమ్మా" అన్నాడు. వాస్తు గురించీ, వైన్ గురించీ, పక్కవాళ్ల పిల్లల పళ్ల గురించీ ఆయన్ని ఎవరూ అడగక్కర్లేదు, తనే చెప్పేవాడు.

ఒక ఆదివారం వాళ్ల పెళ్లిరోజని లంచ్‌కి పిలిచారు. అందరి చేతుల్లో పకోడీల ప్లేట్లుండగా ఆయన గ్లాసు పట్టుకుని లేచాడు.

"వైఫ్ అన్న మాట 'వీవ్' నుంచి వచ్చింది. అంటే నేయడం. ఇంట్లో కూర్చుని కుటుంబాన్ని నేసేదే భార్య!"

మా ఆయనతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన భార్య వంటింట్లో నలభై మందికి పూరీలు వేయిస్తోంది. ఆవిడకి ఆ ఉపన్యాసం వినే తీరికే లేదు.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"అది ఎవరో ఊహించిందండీ, రుజువు లేదు. జర్మన్‌లో వైబ్, డచ్‌లో వెయిఫ్, పాత ఇంగ్లీషులో వీఫ్, అన్నీ ఒకటే మాట. మొదట్లో ఆడమనిషి అనే అర్థం. అసలెలా పుట్టిందో ఎవరికీ తెలీదు."

"నువ్వు ఏ యూనివర్సిటీ అమ్మా?"

"కమ్యూనిటీ కాలేజీ అండీ."

నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. ఆయన టీమ్‌లోని జర్మన్ ఒకతను అక్కడే ఉన్నాడు. మేనేజరు సాక్ష్యానికి అతనివైపు తిరిగి, "మీరు భార్యని గౌరవంగా వైబ్ అనే అంటారు కదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అతను నములుతున్న పకోడీ మింగి, "మా ఆవిణ్ణి అలా పిలిస్తే నా చెంప పగులుతుంది. ఇప్పుడది తిట్టు" అన్నాడు.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"అదేదో డయలెక్ట్ అయ్యుంటుంది" అంటూ మేనేజరు చట్నీ వైపు నడిచాడు. తెలీదు అనే ఒక్క మాట మాత్రం ఆయన నోటెంట రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్‌లో మా ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "నా గ్రీన్ కార్డ్ ఫైల్ చేయించాల్సింది ఆయనే. ఒక్క మాట కోసం అంత రగడ అవసరమా?"

"నువ్వు చప్పట్లు కొట్టడం అవసరమా?" అన్నాను. మేనేజరు మీదకన్నా అప్పుడు నాకు మా ఆయన మీదే ఎక్కువ చీదరేసింది.

కాగితాలేమీ ఆగలేదు, మరుసటి నెలలోనే ఫైల్ చేశారు. మమ్మల్ని మాత్రం మళ్లీ లంచ్‌కి పిలవలేదు. మా ఆయన దానికి చాలా రోజులు బాధపడ్డాడు. నేను తర్వాతి సెమిస్టర్‌కి జర్మన్ తీసుకున్నాను.