మగ్గం గుంటలో నీళ్లు

నా చిన్నప్పుడు నగరి దగ్గర మా నేతగాళ్ల వీధిలో ఆరే ఇళ్లుండేవి. మట్టి గోడలు, బోదగడ్డి కప్పు. ప్రతి ఇంట్లో నేలలోకి గుంట తవ్వి దాని మీద మగ్గం పెట్టుకునేవాళ్లం. నేసేవాళ్లు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, పొద్దంతా తొక్కుతూ నేసేవారు. అందుకే ఇల్లు పోతే మాకు తలదాచుకునే చోటుతో పాటు కూడు కూడా పోయినట్టే.

ఆ జాగా ఒకప్పుడు వట్టి ముళ్లకంప, రాళ్లు. మా తాత కాలంలో దాని ఆసామి బాగుచేసుకుని ఉండమన్నాడట. నోటిమాటే, కాగితం లేదు. మావాళ్లు కంప కొట్టి, రాళ్లేరి, చదును చేసి ఇళ్లు కట్టుకున్నారు. తర్వాత ఆ పక్కగా బస్సులు తిరగడం మొదలై నేలకు గిరాకీ వచ్చింది. అప్పుడు ఆసామి కొడుకు మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. ఊరికే వెళ్లగొడితే చెడ్డపేరని, చెరువు కట్ట కింద వేరే జాగా పట్టాతో సహా ఇస్తానన్నాడు. మా ఇష్టంతోనే పోతున్నామని రెవెన్యూ అధికారి ముందు వేలిముద్రలు వేయాలి, అంతే.

ఆ జాగాలో ఎర్రమట్టి పోయించి, ఏ ఇల్లు ఎక్కడో సున్నంతో గీతలు గీయించాడు. మగవాళ్లంతా చూసి మురిసిపోయారు. మా నాయన కూడా, దానమిచ్చే ఆవుకు పళ్లు లెక్కపెడతామా అన్నాడు. మా అవ్వ మాత్రం ఆ మట్టిని కాలితో గీరి చూసి ఇంటికొచ్చేసింది.

అధికారి వచ్చే రోజు తెల్లవారగానే అవ్వ గడ్డపార తీసుకుని, నా చేతికి తట్ట ఇచ్చింది. మా ఇంటికని గీసిన గీతల మధ్య ఆమె తవ్వుతుంటే నేను మట్టి ఎత్తిపోశాను. మోకాలి లోతుకే నేల చెమ్మగిల్లింది. తొడ లోతుకు వచ్చేసరికి నీళ్లు ఊరి, నా పిక్కల దాకా నిలిచాయి. తొమ్మిదేళ్లదాన్ని, నాకది ఆటలా ఉంది. అవ్వ ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

అధికారి, ఆసామి కొడుకు వచ్చేసరికి వీధి వీధంతా ఆ గుంట చుట్టూ నిలబడి ఉంది. అవ్వ బురద కాళ్లతోనే ముందుకొచ్చింది.

"సామీ, నేసేటోని కాళ్లు పొద్దంతా ఈ గుంటలోనే ఉంటాయి. ఒక్క గడియ మీరు పెట్టి సూడండి."

ఆసామి కొడుకు ముఖం ఎర్రబడింది. గుడిసెల్లో బతికేవాళ్లకు పట్టా ఇస్తుంటే వంకలు పెడుతున్నారని, ఈ జాతికి విశ్వాసం లేదని అధికారితో చెప్పుకున్నాడు. మా నాయన తల దించుకున్నాడు. అవ్వ దించుకోలేదు.

"మేం బిచ్చం అడగలేదప్పా. మేం సదును సేసిన నేల నువ్వు తీసుకుంటా ఉండావు. దానికి బదులు ఇస్తా ఉండావు. బదులంటే బతికేదానికి పనికి రావాల."

అధికారి కాసేపు ఆ నీళ్లకేసి చూసి, వేలిముద్రల కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం మా నాయన నీళ్లు కాచి, అవ్వ కాళ్లకంటిన బురద తానే కడిగాడు.

ఆ అధికారి పైకి రాసి పంపితే, కొన్ని నెలలకు ఊరి చివర మెరకమీద, ప్రభుత్వ భూమిలో, ఆరిళ్లకూ పట్టాలొచ్చాయి. జాగా చిన్నదే, కానీ పొడినేల. పాత జాగా మాత్రం దక్కలేదు. మావాళ్లు ఏరిన రాళ్లతోనే ఆసామి కొడుకు అక్కడ మామిడికాయల మండీకి పునాది వేసుకున్నాడు. ఆ ముక్క చెప్పేటప్పుడు ఈ వయసులోనూ నాకు కోపం ఆగదు.

పేదవాళ్లకు ఇళ్లు ఎక్కడిచ్చినా, ఎలాంటివిచ్చినా దండం పెట్టి తీసుకోవాలనే మాట నేటికీ వింటూనే ఉన్నాను. విన్నప్పుడల్లా ఊరుకోలేను. నా మనవలు నన్ను గయ్యాళి అని నవ్వుతారు. నవ్వనీ. అక్కడ ఎవరు బతకాలో వాళ్లను అడిగారా అని నేను అడిగే తీరతాను.