అమాబిలే రాయి మీది చేతులు

ఒలిందో వెనిస్‌ను ఫొటోలు తీసి అమ్ముకుని బతికినవాడు. కాలువలు, వంతెనలు, మురానో దీవిలో గాజు ఊదేవాళ్ల ఉబ్బిన బుగ్గలు, ఏదీ వదల్లేదు. బురానో దీవిలో కాపురం పెట్టాక లేసు అల్లే ఆడవాళ్ల వెంట కెమెరాతో పడ్డాడు. భార్య అమాబిలేదీ అదే పని. ఆమె ముఖాన్ని మాత్రం ఒక్కసారీ తీయలేదు. "ముఖాలెవరు కొంటారు, చేతులు తియ్యి" అనేది ఆమే. మహానుభావుడు ఆ మాట పట్టుకుని నిశ్చింతగా ఉండిపోయాడు.

వేసవిలో అమాబిలే పోయింది. ఆ దీవుల్లో సమాధి రాయి మీద పింగాణీ బిళ్లలో ఫొటో లేకపోతే ఆ మనిషిని అనాథను చేసినట్టే. పెళ్లి ఫొటో ఏనాడో వరదలో నానిపోయింది. గుర్తింపు కార్డులో ఉన్నది ఎవరో పరాయిదానిలా ఉంది. రోజురోజుకీ ఆమె ముఖం తన మనసులోంచి చెరిగిపోతోందని ఒలిందోకి భయం పట్టుకుంది. చివరికి ఊరంతా పోస్టుకార్డుల మీద అమ్ముడుపోయిన తన పాత ఫొటో ఒకటి బయటికి తీశాడు. సూది పట్టుకున్న రెండు చేతులు. అదే రాయికి పెట్టించాడు.

చనిపోయినవారి పండుగనాడు మరదలు నొయేమీతో కలిసి, చామంతులు పట్టుకుని, చెక్క వంతెన దాటి పక్క దీవి మజ్జోర్బోలోని శ్మశానానికి వెళ్లాడు. పొగమంచు దట్టంగా ఉంది. నొయేమీ రాయి దగ్గరికి వంగి చూసి, పూలు పెట్టడం మరిచిపోయింది.

"బావా, ఇవి నా చేతులు."

"ఊరుకో. మీ అక్క చేతులు నాకు తెలీవా?"

"ఆ కుట్టు చూడు. మాలో ఒక్కొక్కరిది ఒక్కో కుట్టు. అక్క అంచులు కలిపేది. పువ్వు నింపేది నేను. అక్క జన్మలో ఈ కుట్టు ముట్టుకోలేదు."

ఒలిందో వంగి, బిళ్ల మీది మంచు తుడిచి చూశాడు.

"బతికుండగానే పాతేశావు కదయ్యా నన్ను." నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "రాయి నిలబెట్టిన కాణ్నించీ సూది పట్టుకుంటే వేళ్లు చల్లబడిపోతున్నాయి. ఎందుకా అనుకున్నాను." చేతులు శాలువాలోకి లాక్కుంది.

"మరి ఈ ఫొటో తీసిన రోజు అమాబిలే ఎక్కడుంది?"

"నీ వెనకాలే. ఎప్పుడూ అక్కడే కదా. తెల్ల దుప్పటి ఎత్తి పట్టుకుని నా మీద వెలుగు పడేట్టు చేసింది. కొంచెం ఇటు, కొంచెం అటు అని నువ్వు కసురుతూనే ఉన్నావు. చేతులు లాగుతున్నాయా అని ఒక్కసారైనా అడిగావా?"

మర్నాడే బిళ్ల ఊడదీయించాడు. నొయేమీ మళ్లీ సూది పట్టింది. ఒలిందోకి మాత్రం అప్పటినుంచీ కెమెరా ఎత్తితే చాలు, వెనక ఎవరో నిలబడ్డట్టు మెడ మీద తెలుస్తుంది. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది. తిరిగితే ఎవరూ ఉండరేమోనని అంతకు మించిన భయం.

ఒక ఉదయం వంతెన మీద నిలబడి కాలువను తీయబోయాడు. మంచులో వెలుగు చాలలేదు. "కొంచెం ఇటు పట్టు" అన్నాడు, అలవాటు కొద్దీ. నీళ్ల మీద వెలుగు మెల్లగా ఇటు జరిగింది.

ఒలిందో కెమెరా దించేశాడు. తిరగలేదు. నీళ్లకేసే చూస్తూ అడిగాడు.

"చేతులు లాగుతున్నాయా?"