మా బాక్సింగ్ సార్ కుడిచేయి

మా బాక్సింగ్ సార్ పోయారన్న వార్త నాకు తమ్ముడు చెప్పాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. సార్ దగ్గర నా తర్వాత ఏడాదికి చేరినవాడు. అశోక్ నగర్‌లోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఒక పెద్దావిడ బొటనవేలికి కట్టు సరిచేస్తుండగా ఫోన్ మోగింది.

"అన్నా, సార్ పోయిండు. పొద్దుగాల అయిదింటికి. నేను ఈడనే ఉన్న."

నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. సార్ ఇంటివాళ్ళు నాకంటే ముందు అతనికి ఎందుకు చెప్పారన్న ప్రశ్న. కట్టు పూర్తిచేసి, ఆవిడను ఆటో ఎక్కించి వచ్చి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఈ వరసను దాచి సార్ గురించి రాయడం సరికాదనిపించి ముందే చెబుతున్నాను.

2009లో నేను చదువు చివరి ఏడాదిలో ఉన్నాను. చేతుల చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందాలని ఆశ. గుద్దు పడే క్షణంలో మణికట్టు ఎలా నిలబడుతుందో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. చిక్కడపల్లిలో ఒక సందు చివర, రేకుల షెడ్డులో, బాక్సింగ్ నేర్పుతారని తెలిసి వెళ్ళాను. గుమ్మంలోనే సార్ ఆపారు.

"నేర్చుకోనీకి వచ్చినవా, చూడనీకి వచ్చినవా?"

"చూడడానికండీ."

"చూడనీకైతే క్రాస్ రోడ్ల కాడ సినిమా హాళ్ళున్నయి. ఈడ చేతులియ్యాలె."

ఇచ్చాను. ఆయన నా రెండు చేతులకూ నూలు పట్టీ చుట్టారు. బొటనవేలికి మెలిక వేసి, మణికట్టు మీద మూడు చుట్లు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటి, మళ్ళీ మణికట్టుకు. ముగించాక తన చిటికెన వేలు పట్టీ కిందికి దూర్చి చూశారు. వేలు దూరకపోతే బిగువెక్కువ, సులువుగా దూరితే వదులు. తర్వాత చదువులో నేను నేర్చుకున్న ఏ కొలతా ఆ చిటికెన వేలికంటే నమ్మకమైనదిగా తోచలేదు.

ఆయనకొక నియమం ఉండేది. కొత్తగా చేరినవారికి ఆరు నెలలు తానే పట్టీ చుట్టేవారు. ఆ తర్వాత ఒక పొద్దున పట్టీని చుట్టగా చేసి అరచేతిలో పెట్టి, "ఇగ నీ చేయి నీదే, నేను ముట్ట" అనేవారు. నిజంగానే మళ్ళీ ముట్టేవారు కాదు. నాకు ఆరో నెలలోనే ఇచ్చారు. ఎంతో గర్వపడ్డాను. మరుసటి ఏడాది తమ్ముడు వచ్చాడు. అతనికి ఆరు నెలలు గడిచాయి, ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. సార్ రోజూ అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, కుడిచేతిని తన ఒడిలోకి తీసుకుని, నిమిషాల తరబడి చుడుతూనే ఉండేవారు. నా పట్టీ నేను పళ్ళతో పట్టుకుని కట్టుకుంటూ ఆ దృశ్యాన్ని ఓరగా చూసేవాణ్ణి. అతని గుద్దు నాకంటే బాగుండేది. అదొక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణేమో.

సార్ మాటల్లో నాకు బాగా గుర్తున్నవి అన్నీ శరీరానికి సంబంధించినవే. "దెబ్బ తిన్నంక ఊపిరి గురించి సోచాయించుడు కాదు, తినేటప్పుడే విడవాలె" అనేవారు. నన్ను "డాక్టర్ సాబ్" అని పిలిచేవారు. నేను డాక్టర్ని కానని వందసార్లు చెప్పి ఉంటాను. "నాకు తెల్వదా ఏంది? గట్లంటె నువ్వు జర నిటారుగ నిలబడ్తవ్, అందుకంట" అన్నారు ఒకసారి.

శిక్షణ అయ్యాక గ్లవ్స్ లోపలి చెమట పీల్చడానికి పాత పేపర్లు ఉండలు చేసి కుక్కేవారు. ఆటల పేజీని మాత్రం మడిచి దాచేవారు. 2012లో నారాయణగూడలో, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో, మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పే హాలు తెరిచారు. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, అన్నీ కలిసిన పోటీ అది. ఆ వారం పేపర్లో దాని గురించి సగం పేజీ వచ్చింది. మా జిల్లా బాక్సింగ్ ఫలితాలకు ఒక్క వాక్యమూ రాలేదు. ఆ రోజు గ్లవ్స్‌లోకి మొట్టమొదట పోయింది ఆటల పేజీ.

ఒక సాయంత్రం, "నడువు, పొయ్యి చూసొద్దాం" అని నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. అద్దం తలుపు బయట నిలబడి చాలాసేపు చూశారు. ఏసీ, పాటలు, గోడంతా అద్దాలు, మధ్యలో బరి, దాని చుట్టూ ఇనుప జాలీ. దాదాపు నలభై మంది పిల్లలు. వారిలో ఏడుగురు నిన్నమొన్నటిదాకా మా షెడ్డులో ఉన్నవారే.

"కోళ్ళను గంప కింద మూసినట్టు మూసిండ్రు కదా," అన్నారు సార్.

లోపలి నుంచి ఒక కుర్ర శిక్షకుడు మర్యాదగా వచ్చి, "అంకుల్, మొదటి క్లాస్ ఫ్రీ. చేస్తరా?" అని అడిగాడు.

"నేను చేస్తే మీ జాలీ నిలువది, బేటా."

ముగ్గురం నవ్వాం. మెట్లు దిగుతూ ఆయన నవ్వలేదు. "మన కాడ ఫ్యాన్ తిరగాలన్నా ఎవడో ఒకడు రింగులకెళ్ళి దిగి స్విచ్చి ఒత్తాలె. అసూయ అయితుంది డాక్టర్ సాబ్. మంచిగనే అయితుంది" అన్నారు. అంత నిస్సంకోచంగా ఆ మాట ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఫ్లైఓవర్ దాటాక ఆగి మరో మాట అన్నారు. "మాకు రెండు చేతులిచ్చి మిగతాయన్నీ బంద్ చేసిండ్రు. గా బంద్ చేసుట్లనే ఉన్నది ఆట. గిది పోరగాళ్ళకు ఎట్ల చెప్పాలె?"

చెప్పడం కుదరలేదు. పిల్లలు తమ ఫోన్లలో చూస్తున్న పోరాటంలో కాళ్ళు, మోకాళ్ళు, పట్లు అన్నీ ఉన్నాయి. మా ఆట వారికి సగం ఆటలా కనిపించింది. ఆ కొత్త హాలువారిని తప్పు పట్టను. పిల్లలను జాగ్రత్తగా చూసుకునేవారు. అయినా మా షెడ్డులో ముప్ఫై మంది ఆరుగురయ్యారు. ఆ ఆరుగురిలో రాష్ట్రస్థాయిలో నిలబడగలవాడు తమ్ముడొక్కడే. మరుసటి ఏడాది అతనూ వెళ్తానన్నాడు.

అతని మణికట్టు చిన్నప్పుడు విరిగి అతికినది. అందుకని జాలీలో మొదటి పోటీకి ముందు, చేతి బలం మీద, కదలిక మీద నా నివేదిక తెమ్మన్నారు నిర్వాహకులు. అతను రావలసిన రోజుకు ముందు రోజు సార్ క్లినిక్‌కు వచ్చారు. కుర్చీలో కూర్చోలేదు.

"ఒక మాట అడుగుత. వాని చేయి గా ఆటకు పనికిరాదని రాయి."

నాలుగేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. అడిగింది కూడా అతని కోసమే. "పరీక్ష చేసి చూస్తాను సార్" అన్నాను.

మర్నాడు అతని కుడి మణికట్టును పరీక్షించాను. అతనికి విరిగినది బొటనవేలి మొదట్లో ఉండే చిన్న ఎముక. అది ఒకసారి విరిగితే సరిగా అతకడం కష్టం. అతికినా దెబ్బలకు మళ్ళీ బీటవారుతుంది. ఇతనిది అతికినది అతికినట్టే ఉంది. "సార్ రోజూ ఏం చేసేవారు?" అని అడిగాను. "పట్టీ చుట్టే ముందుగల ఈడ ఒత్తి చూసేటోడన్నా. నొప్పి ఉందా, వాపు ఉందా అని. ఉంటే ఆ రోజు బ్యాగు మీద కొట్టనియ్యకపోయేటోడు. తాడాట ఒక్కటే."

చేతుల నిపుణుణ్ణని బోర్డు పెట్టుకున్నవాణ్ణి. మూడేళ్ళు కళ్ళ ముందు జరిగిన వైద్యాన్ని గారాబం అనుకున్నాను.

అది తెలిసిన నిమిషంలోనైనా నా మనసు మెత్తబడవలసింది. కానీ కాగితం తీసినప్పుడు నాకు తోచింది వేరు: పనికొస్తుందని రాస్తే ఇతను వెళ్ళిపోతాడు, సార్ నాకు మిగులుతారు. రాశాను. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం కాదు. సాయంత్రం ఆ కాగితం నకలు సార్‌కు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చివరి దాకా చదివారు.

"నిజమే రాసినవ్" అన్నారు. తర్వాత, "గింత జల్దీ రాసినవేంది?" అన్నారు.

ఆ నకలు మడిచి జేబులో పెట్టుకున్నాను. వారం తర్వాత, తనను ఎవరూ పిలవకపోయినా, ఆ పోటీకి వెళ్ళి, వేళ్ళు బయటికి ఉండే ఆ చిన్న గ్లవ్స్ కింద తమ్ముడి చేతికి పట్టీ చుట్టి వచ్చారని విన్నాను.

సార్ నాకు మిగిలిన మాట నిజమే. షెడ్డు ఖాళీ కావడంతో సాయంత్రాలు క్లినిక్‌కు వచ్చేవారు. చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తమ్ముడి గురించే మాట్లాడేవారు. నేను వినేవాణ్ణి.

2013 చివర్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు. కాలు త్వరగానే కోలుకుంది, చేయి కోలుకోలేదు. నాలుగు నెలలు, ఆదివారాలతో సహా, ఆ చేతికి నేనే వ్యాయామం చేయించాను. మెత్తని స్పాంజి బంతి అరచేతిలో పెట్టి, "పట్టుకోండి సార్" అనేవాణ్ణి. వేళ్ళు కదిలేవి కావు. "నువ్వు మంచిగనే చేస్తున్నవ్, గీ చెయ్యే మాట వింటలేదు" అని నన్నే ఓదార్చేవారు. ఆ నాలుగు నెలలు నేను సంతోషంగా ఉన్నానని చెబితే తప్పుగా అనుకోకండి. ఆయన చేయి రోజూ గంటసేపు నా చేతుల్లో ఉండేది.

ఆయన పోవడానికి మూడు వారాల ముందు తమ్ముడికి ముంబైలో ఒక పోటీ వచ్చింది. నెట్‌లో చూపిస్తారని తెలిసి సార్ ఆ సాయంత్రం క్లినిక్‌లోని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నేను పక్కన స్టూలు వేసుకుని, ఆయన కుడిచేతిని దిండు మీద పెట్టుకుని, వేళ్ళకు వ్యాయామం చేయిస్తున్నాను. రెండో రౌండ్‌లో అవతలివాడు తమ్ముణ్ణి జాలీకి అదిమిపెట్టాడు. తమ్ముడు ఎలాగో పక్కకు జరిగి, కుడిచేత్తో ఒక్క గుద్దు వేశాడు. తిన్నగా, పొట్టిగా, షెడ్డులో నేర్చిన గుద్దు.

నా చేతుల్లో సార్ చేయి మూసుకుంది.

ఉద్వేగంలో ఇలా బిగుసుకోవడం మా వైద్యంలో తెలిసినదే. అది కోలుకున్న గుర్తు కాదు. ఆ బిగువును అలాగే వదిలేస్తే గోళ్ళు అరచేతిలో దిగుతాయి. అందుకని చిటికెన వేలితో మొదలుపెట్టి, నొప్పి కలగకుండా, ఒక్కొక్క వేలే తెరవసాగాను. నాలుగోది తెరిచేసరికి మొదటిది మళ్ళీ మూసుకుంటోంది. ఆయనకు అదేమీ తెలియదు. కంప్యూటర్ తెర మీదికి వంగి, "ఎడమ చెయ్యి పైకెత్తు తమ్మీ, ఎడమ చెయ్యి" అంటున్నారు.