నిమ్మకాయలు తొక్కించిన రేసుబండి

మా నాయన పేపరు తప్ప ఇంకేదీ చదవడు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడికి నంద్యాలలో ట్రాక్టరు విడిభాగాల అంగడి ఉంది. ఆళ్లగడ్డ నుంచి రోజూ వచ్చిపోయేవాడు. మధ్యాహ్నం భోజనం మాత్రం మా ఇంట్లోనే, నా అత్తగారిల్లు నంద్యాలే కాబట్టి. వాడికి బైకు పందేల పిచ్చి. జనం మధ్య సైలెన్సరు మోగించుకుంటూ ఎగిరే పిచ్చి కాదు. రోడ్డు మీద వాడు పాత మోపెడ్ ఎంత నిదానంగా తోలేవాడంటే, వెనక కూర్చుంటే నాకే విసుగొచ్చి దిగి నడిచిపోతానని తిట్టేదాన్ని. వాడి వేగమంతా మద్రాసు దగ్గరున్న పందేల ట్రాకు మీదే. అక్కడికి పోయి అద్దె బండ్ల మీద నేర్చుకున్నాడు, చిన్న పందేలు కొన్ని గెలిచాడు. చివరికి అక్కడి జట్టొకటి, సొంత బండి తెచ్చుకుంటే ఏడాదంతా పెద్ద పందేల్లో దించుతామని పిలిచింది. వాడికి అప్పటికే ముప్పై దాటాయి. ఆ వయసులో ఇంకో పిలుపు రాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

బండి మా ఇంటి వెనక రేకుల షెడ్డులో దిగింది. హెడ్‌లైటు లేదు, అద్దాలు లేవు, హారను లేదు, నంబరు ప్లేటు లేదు. ఆఖరికి పక్క స్టాండు కూడా లేదు.

"ఏందిరా ఇది, సగం బండి అంటగట్టినారా నీకు?" అన్నాను.

"ఇది ట్రాకు కోసరమే చేసింది అక్కా. రోడ్డు మీదికి తెచ్చేకి లేదు. లైటుతో ఏం పని దీనికి?"

టైర్లు చూస్తే నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. అరిగిపోయిన టైర్లు ఇచ్చారని నేను మళ్లీ ఎగిరాను. వాడు నవ్వి, అవి అట్లాగే ఉంటాయన్నాడు. వేడెక్కాక ఎండిన తారును వదలకుండా పట్టుకుంటాయట. చల్లగా ఉంటే మాత్రం నమ్మడానికి లేదట. అందుకే ట్రాకు ఎక్కే ముందు వాటికి కరెంటు దుప్పట్లు చుట్టి వేడి చేస్తారని చెప్పాడు. నా పెళ్లిలో పెళ్లికొడుక్కి కూడా ఇన్ని మర్యాదలు జరగలేదని పడీపడీ నవ్వాను. వాడు ఆ బండి పక్కన పీట వేసుకుని కూర్చుని అన్నం తినేవాడు. వాణ్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

నాయనను ఒప్పించడానికి తలప్రాణం తోకకొచ్చింది. పందేలంటే ఆయనకు భయం. ఆ భయాన్ని కోపంగా తప్ప ఇంకోరకంగా చూపించడం ఆయనకు చేతకాదు. కొన్నాళ్లు తమ్ముడితో మాట్లాడలేదు. చివరికి మెత్తబడి ఒక్క షరతు పెట్టాడు. బండి ఇంటికి రావాలి, పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి పంపాలి.

మా ఇంట్లో అది తప్పదు. ట్రాక్టరైనా స్కూటరైనా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, వాటిని తొక్కించుకుంటూ ఆంజనేయస్వామి గుడి దాకా తోలాలి. అంతవరకు బండి పనిలోకి దిగదు. బాడుగకు వచ్చిన వరికోత మిషనుకు కూడా నిమ్మకాయలు తొక్కించందే మా నాయన మడిలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. డ్రైవర్లు చాటుగా నవ్వుకునేవాళ్లు.

"మద్రాసు పోయే దావలోనే గదా ఆళ్లగడ్డ. ఎంతసేపు?" అన్నాడు నాయన ఫోనులో. కాదనడానికి మాకూ కారణం కనిపించలేదు.

బండిని పికప్ వ్యానులో కట్టుకుని పొద్దున్నే బయలుదేరాం. సాగనంపుదామని నేనూ ఎక్కాను. ఇంటి ముందు నాపబండలు కడిగి అమ్మ ముగ్గేసింది. బండిని వ్యానులోనే ఉంచి పూజ చేద్దామన్నాడు తమ్ముడు.

"వ్యాను మనదా దానికి పూజ చేసేకి? దించు," అన్నాడు నాయన.

దించాం. పూజారి బొట్టు పెట్టడానికి హెడ్‌లైటు కోసం కాసేపు వెతికాడు. లేదంటే నమ్మలేకపోయాడు. వీధిలో జనం చేరారు. తమ్ముడు బూట్లు, గ్లౌజులు, హెల్మెట్టు వేసుకోబోతే నాయన కసురుకున్నాడు. పూజలో చెప్పులేసుకుంటారా అన్నాడు. హెల్మెట్టు గుడి నుంచి వచ్చినాక పెట్టుకోమన్నాడు. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, తనే టెంకాయ కొట్టి ఆ నీళ్లు అక్కడే చల్లాడు. కడిగిన బండలు ఇంకా ఆరనే లేదు.

"నాయనా, తోసి తొక్కిస్తా," అన్నాడు తమ్ముడు. "టైర్లు సల్లగుండాయి. కింద తడి. ఇట్లాంటి చోట ఇది నిలబడదు."

"మొదటి పొద్దే తోసేకి అదేమన్నా సచ్చిన గొడ్డా? ఎక్కి స్టార్ట్ చెయ్."

"తోస్తే ఏమాయ నాయనా? వాడు చెప్తాండాడు గదా," అన్నాను నేను.

"నువ్వు ఊరికుండు పాపా. రేయ్, నిమ్మకాయ దాటేకి భయపడేవోనివి రేసులో ఏం తోల్తావు రా? తొక్కియ్యకపోతే మద్రాసు మాట మర్చిపో."

జనం నవ్వారు. వాడు ఒక్క క్షణం బండి వైపు చూశాడు. అంతదూరం వచ్చాక, నాయన నోటితో సరే అనిపించుకున్నాక, రెండు నిమ్మకాయల దగ్గర అంతా చెడగొట్టుకోవడం వాడికి ఇష్టం లేదు. ఒట్టి కాళ్లతో ఎక్కాడు. చాలా మెల్లగానే కదిలించాడు, నేను కళ్లారా చూశాను. వెనక టైరు నిమ్మకాయ మీదికెక్కి, అది చితికిన చోటే గిర్రున తిరిగింది. బండి అడ్డంగా జారి, వాణ్ని తీసుకుపోయి అరుగు అంచుకు కొట్టింది. వాడి కుడి మణికట్టు హ్యాండిలుకూ రాతికీ మధ్య పడింది. ఆ చప్పుడు నేను విన్నాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

నంద్యాల ఆసుపత్రిలో చూసి కర్నూలుకు పంపారు. అక్కడ ఆపరేషను చేశారు. అన్నం కలుపుకోగలడు, సంతకం పెట్టగలడు, బండి మాత్రం తోలలేడన్నాడు డాక్టరు. పందెం బండికి యాక్సిలరేటరూ ముందు బ్రేకూ రెండూ కుడిచేతిలోనే. ఆ మణికట్టు ఇక తిరగదు.

ఇంటికి తెచ్చాక చూడ్డానికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. పూజ చేయించారు కాబట్టి చేతితో పోయింది, లేకపోతే తలకాయే పోయేదట. ఒక అత్తయితే ఆ నిమ్మకాయలే వాణ్ని కాచాయంది. నేను లేచి బయటికొచ్చాను.

నాయన మాత్రం అన్నం ముట్టలేదు. మూడో నాడో నాలుగో నాడో వచ్చి మంచం పక్కన నిలబడి, నేలచూపులు చూస్తూ అడిగాడు. "నిజం చెప్పు రా. నిమ్మకాయ మీదనే జారిందా?"

తమ్ముడు వెంటనే జవాబిచ్చాడు. "కాదు నాయనా. నిమ్మకాయ దాటినాకనే. నేనే ఒకేసారి ఎక్కువ తిప్పినా. నా చేతి తప్పు."

నాయన చాలాసేపు వాడి మొహం చూశాడు. తర్వాత పోయి అమ్మను టిఫిను అడిగాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. అబద్ధం ఎందుకు చెప్పావని, నువ్వెట్లా తోలావో నేను చూడలేదా అని అరిచాను.

"మెల్లగా అక్కా," అన్నాడు. "నా చెయ్యి ఎట్లాగూ పోయింది. నిజం తెలిస్తే నాయన బతుకుతాడా? ఎవరికీ చెప్పనని నా మీద ఒట్టెయ్." వేశాను.

జట్టువాళ్లు ఇంకొకర్ని తీసుకున్నారు. మళ్లీ మా షెడ్డుకే చేరిన బండిని కోయంబత్తూరు నుంచి వచ్చినవాళ్లెవరో కొనుక్కుపోయారు. ఆ రోజు తమ్ముడు మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

ఇప్పుడు నాయన కూడా రోజూ అంగట్లో కూర్చుంటున్నాడు, వాడికి తోడుగా. మొన్న నేను క్యారియరు తీసుకుపోయేసరికి, పాణ్యం నుంచి వచ్చిన దూరపు మామ ఒకాయన ఆ రేసుబండి సంగతి అడుగుతున్నాడు. బండిలో ఏమన్నా లోపముండిందా అని.

"బండిదేం తప్పు లేదప్పా," అన్నాడు నాయన, అంగడంతా వినబడేట్టు. "దేవునికి చేయాల్సింది మేమూ చేసినాం. మావోనికే తోలేది రాదు. ఇంటిముందర తోలలేనోడు మద్రాసులో ఏం తోల్తాడు?"

మామ నవ్వాడు. నా నోటిదాకా వచ్చింది. ట్రాకు మీద వాడు గెలిచిన పందేలు, ఆ పొద్దు వాడు అడిగిన మాట, అన్నీ వచ్చాయి. తమ్ముడు నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపాడు. తర్వాత మామ వైపు తిరిగాడు.

"అవ్ మామా," అన్నాడు. "నాకు తోలేది రాదు."