గ్రాఫ్ పేపర్ మీద రెండో గీత

పొద్దున లేచి చూస్తే, అబిడ్స్‌లో కొన్న నా గ్రాఫ్ పేపర్ మీద నేను గీయని గీత ఒకటి ఉంది.

సబ్‌మెరైన్ గేమ్‌లో ఒక సరుకు ఓడ మూడు రోజులుగా నన్ను తప్పించుకుపోతోంది. అది కనిపించిన ప్రతిచోటా ఆ కాగితం మీద చుక్క పెట్టి, పక్కన ‘ఓడ’ అని, టైము రాసుకుంటున్నాను. నా సబ్‌మెరైన్ దాని వెంట పోయిన దారిని గీతగా గీస్తున్నాను. ఇంట్లో మాత్రం పరీక్షకు చదువుతున్నానని చెప్పాను. నిజం తెలిస్తే అమ్మ లాప్‌టాప్ లాక్కుంటుంది.

అమ్మే చూసిందనుకున్నాను. టిఫిన్ పెడుతూ పరీక్ష ఎప్పుడని అడిగింది. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

సాయంత్రం తాతను మెల్లగా అడిగాను. "నా టేబుల్ దగ్గరికి ఎవరన్నా వచ్చిన్రా తాతా?"

"నేనే వచ్చిన. ఏందమ్మా, ఓడ కనవడ్డ కాడికే ఉరుకుతున్నవ్? నువ్వు పోయేదాంక అది గాడనే ఉంటదా? అది రాబోయే కాడికి పోయి కూసో. మీ అమ్మకు చెప్పలే, ఫికర్ చెయ్యకు."

నా చుక్కల మీదుగా ముందుకు సాగిన ఆ గీత చివర, గేమ్‌లో నీళ్లలో మునిగి కాచుకున్నాను. పది నిమిషాల్లో ఓడ తనే వచ్చింది.

మీ కాగితాలు మీ ఇంట్లో ఎవరు చదువుతున్నారో మీకు తెలుసా?

తాత రిటైరయ్యే దాకా రైల్వే కంట్రోల్ రూములో, ఏ రైలు ఎక్కడ ఏ రైలును దాటాలో పెన్సిల్ గీతలతో లెక్కగట్టేవాడు.