నాడె నిటారుగ ఉరకదు

జాగీర్లు పోయి, ఊళ్ల మీద పెత్తనం పోయి, చివరికి గడి గోడల సున్నం కూడా రాలిపోతున్న ఆ రోజుల్లో మా ఇంట్లో మిగిలినవి రెండే: మా తాతగారి షేర్వాణీ, మేం కూర్చునే పద్ధతి. మేం కూర్చుంటే ఎదుటివాళ్లు నిలబడాలి. దాన్ని మేం మర్యాద అనుకునేవాళ్లం (నిలబడ్డవాళ్లు ఏమనుకునేవారో అడగాలని మాకెవరికీ తోచలేదు). అలాంటి ఇంటి వారసుణ్ణి నేను, ఇరవై రెండేళ్ల వయసులో, సుల్తానాబాద్ దగ్గర మగ్గాలవాడ బడిలో శిశుతరగతి పంతులునయ్యాను. ఒకటో తరగతి కూడా కాదు, దాని కింద. అదీ పక్కా ఉద్యోగం కాదు. ఎండాకాలం కరీంనగర్‌లో శిక్షణ పొందాలి, వానాకాలం ఇన్‌స్పెక్టరు ముందు ఒక నమూనా పాఠం చెప్పి మెప్పించాలి. మెప్పిస్తే పక్కా, లేకపోతే ఇంటికే. ఇంటికి పోతే ఏం చేయాలో మా అవ్వ అప్పుడే చూసిపెట్టింది. "ధాన్యం సేటు పిలుస్తుండు బిడ్డా, గుమాస్తా పని ఉన్నదట." ఆ సేటు ఒకప్పుడు మా వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడ్డవాడు. ఇప్పుడు ఆయన గద్దె మీద కూర్చుంటాడు, నేను నిలబడాలి. దానికంటే ధర్మపురి పోయి గోదావరి ఒడ్డున సన్యాసం పుచ్చుకోవడం నయమనిపించింది.

శిక్షణలో మాకు పాఠాలు చెప్పినావిడను అందరూ చాటున చప్పట్లమ్మ అనేవారు. అంకెలైనా అక్షరాలైనా ఆమెకు చప్పట్లు లేకుండా ముందుకు సాగేవి కావు. గడ్డాలు మాసిన పంతుళ్లందరి చేతా కప్పగెంతులు వేయించింది. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, షేర్వాణీ గుండీ సరిచేసుకొని, కప్ప ఎక్కడ నివసిస్తుందో, ఏం తింటుందో వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "దొరవారూ, కప్ప ఎగురుతది. ఉపన్యాసం ఇయ్యదు," అంది. ఆ మాటకు నవ్వని పంతులు లేడు. శిక్షణ ముగిసిన రోజు నన్ను పక్కకు పిలిచి, "ఒక్కటే చెప్త. పిల్లల కండ్లు ఎంత ఎత్తుల ఉంటయో మీ కండ్లు గంతే ఎత్తుల ఉండాలె. కింద కూసొని పాఠం చెప్పున్రి. మీ పాఠం చూడనీకి నేను గూడ వస్త," అంది. నేను తల ఊపాను. నేల మీద కూర్చోవడం ఏమంత కష్టమని అనుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టరు, చప్పట్లమ్మ వెనక గోడ దగ్గర కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. పాఠం పది వరకు అంకెలు. నేను షేర్వాణీ అంచు జాగ్రత్తగా ఎత్తిపట్టి, మా వంశంలో ఎవరూ చేయని పని చేశాను. నేల మీద, పిల్లల ముందు కూర్చున్నాను. కూర్చున్నానో లేదో, తరగతి మొత్తం లేచి నిలబడింది. "కూసోన్రి," అన్నాను. ఒక్కరూ కదల్లేదు. నేను లేచాను, వాళ్లు కూర్చున్నారు. నేను కూర్చున్నాను, వాళ్లు లేచారు. ఇన్‌స్పెక్టరు కలం తీసి ఏదో రాసుకున్నాడు.

"ఎందుకు లేస్తున్నరు?" అని ముందు వరుసలో ఉన్న, మగ్గం నేసే ఒకాయన బిడ్డను అడిగాను. ఆరేళ్ల పిల్ల, ఎవరికీ భయపడదు.

"దొర కూసుంటె మనం కూసోవద్దని మా అవ్వ చెప్పింది. కూసుంటె కొడ్తది."

"కూసోకపోతె నేను కొడ్త," అన్నాను (శిక్షణలో అనొద్దని చెప్పిన మొట్టమొదటి మాట అదే). దాంతో నాకు భయపడ్డ సగం మంది కూర్చున్నారు, అవ్వలకు భయపడ్డ సగం మంది నిలబడే ఉన్నారు. వరుస పొడుగునా ఒకరు కింద, ఒకరు పైన. నా కళ్ల ముందు సేటు దుకాణం కనిపించింది.

ఆ పిల్ల వరుసను అటు చివర నుంచి ఇటు చివరకు చూసి కిలకిల నవ్వింది. "దొరా, గిది మా మగ్గం లెక్కనే ఉన్నది. సగం పోగులు మీదికి, సగం పోగులు కిందికి."

ఆ బుద్ధి ఎక్కడి నుంచి పుట్టిందో తెలియదు. "మరి పోగుల నడుమ అటూ ఇటూ ఉరికే నాడె ఏది?" అని అడిగాను.

"ఇంకెవరున్నరు? మీరే."

నేను లేచి, నిలబడ్డవాళ్ల వెనక నుంచి, కూర్చున్నవాళ్ల ముందు నుంచి నడిచాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "నాడె నిటారుగ ఉరుకుతదా? వంగాలె. జర జల్ది."

వంగాను. ఉరికాను. చివరికి చేరగానే పిల్లలంతా "ఒకటి" అన్నారు. నిలబడ్డవాళ్లు కూర్చున్నారు, కూర్చున్నవాళ్లు లేచారు, నేను వెనక్కి ఉరికాను. "రెండు." ఏడో పోగు దగ్గర షేర్వాణీ చంకలో చిరిగింది. ఎనిమిదికి ఒక బుడతడు నవ్వాపుకోలేక పక్కకు దొర్లాడు. "పోగు తెగింది," అని ఆ పిల్ల మగ్గం ఆపేసి, తిన్నగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి, "సారూ, జర మీరు అతుకున్రి," అని చేయి పట్టుకుంది. ఆయన కలం జేబులో పెట్టుకొని వచ్చి వరుసలో నిలబడ్డాడు. కూర్చోమన్నప్పుడు కూర్చున్నాడు కూడా. పది దాటింది, ఇరవై దాటింది. మగ్గం ఆపమంటే ఆపేవాళ్లు లేరు. నా రొప్పు విని చప్పట్లమ్మ చప్పట్లు కొట్టాకే ఆగింది.

ఇన్‌స్పెక్టరు పోతూ పోతూ, "ఈ పద్ధతి ఏ పుస్తకంలోది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు చప్పట్లమ్మ, "మా శిక్షణలోదే," అంది, నా దిక్కు చూడకుండా. ఉద్యోగం పక్కా అని అక్కడే చెప్పేశాడు.

ఇంటికి వెళ్లి అవ్వకు చెబితే ఆమె చిరిగిన చంకను చూసి, "ఎవరి ముందర వంగినవ్ రా?" అంది. జరిగింది చెప్పాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది.

ఆ తర్వాత ఎన్నో శిక్షణలకు వెళ్లాను, కొన్నింట్లో నేనే చప్పట్లు కొట్టి పంతుళ్లను ఎగిరించాను. కానీ తలుచుకున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది ఉద్యోగం పక్కా అయిన ఆ సాయంత్రమే. బజారులో నాకేం పని లేదు. అయినా చిరుగు కుట్టించుకున్న షేర్వాణీ తొడుక్కొని సేటు దుకాణం ముందు నుంచి మూడుసార్లు నడిచాను. మూడోసారికి ఆయన గద్దె మీది నుంచి తొంగి చూసి, "ఏం దొరా, ఏమన్న పోగొట్టుకున్నరా? దేవులాడుతున్నరు," అన్నాడు.

"లేదు సేటూ, దొరికింది," అన్నాను.

ఏం దొరికిందో ఆయన అడగలేదు. అడుగుతాడేమోనని ఆ ఇరవై రెండేళ్ల పిచ్చి పంతులు ఇంకోసారి కూడా అటు నడిచాడు.